పదికి ఎనిమిది అంటే ఏమిటి? ప్రాథమిక వైద్యంలో ఇంటర్న్‌ల మదింపు చిక్కులు

ఒక విభాగంలో ఇంటర్న్ కొద్ది వారాల శిక్షణ, అంటే పోస్టింగ్, ముగిసే ఆఖరి రోజున సీనియర్ డాక్టర్ టేబుల్ మీదికి ఒక ఫారం వస్తుంది. విషయ పరిజ్ఞానం, రోగిని పరీక్షించే నైపుణ్యం, మాటతీరు, సమయపాలన అని వరసగా గళ్లుంటాయి. ఒక్కోదానికీ పదికి ఎంతో వేయాలి. బయట రోగులు వేచి ఉంటారు, ఇంటర్న్ ఎదురుగానే నిలబడి ఉంటాడు. ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. కింద సంతకం. నిమిషంన్నరలో పని అయిపోతుంది.

ఆ ఎనిమిదిని రేపు ఇంకెవరైనా చదివితే వాళ్లకి ఏం తెలుస్తుంది? ఛాతీలో మంటగా ఉందని వచ్చిన మనిషిని ఎప్పుడు ఇంటికి పంపాలో, ఎప్పుడు అంబులెన్స్ పిలవాలో ఈ ఇంటర్న్‌కి తెలుసా? తెలియనప్పుడు తెలియదని చెబుతాడా, లేక ఏదో ఒకటి రాసి పంపేస్తాడా? ఎనిమిదిలో వీటికి జవాబు లేదు. చాలామంది దీన్ని సీనియర్ల బద్ధకం కింద జమ కడతారు. నాకైతే అలా అనిపించదు. మోయలేని బరువును ఒక అంకె మీద పెట్టి, అది మోయలేదని ఆశ్చర్యపోతున్నాం. వైద్యవిద్యలో ఈ సమస్య అన్ని విభాగాల్లోనూ ఉంది, కానీ ప్రాథమిక వైద్యంలో, అంటే ఏ నలతకైనా మనిషి మొదట వెళ్లే క్లినిక్‌లో, మరీ ముదురుతుంది. ఎందుకో చూడాలంటే ముందు అక్కడికి వచ్చే రోగుల గురించి మాట్లాడుకోవాలి.

వెయ్యి మందిలో ఒక్కరు

1961లో కెర్ వైట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక లెక్క వేశారు. వెయ్యి మంది పెద్దవాళ్లని తీసుకుంటే, ఒక నెలలో వాళ్లలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. 250 మంది డాక్టర్ని కలుస్తారు. ఆస్పత్రిలో చేరేది 9 మంది. మెడికల్ కాలేజీ ఆస్పత్రి దాకా వెళ్లేది ఒకే ఒక్కరు. నలభై ఏళ్ల తర్వాత, 2001లో అమెరికాలో మళ్లీ ఇలాంటి లెక్కే వేస్తే నిష్పత్తులు పెద్దగా మారలేదు.

వైద్య విద్యార్థి చదువంతా దాదాపు ఆ ఒక్కరి మంచం పక్కనే సాగుతుంది. అక్కడికి వచ్చేసరికి రోగం బాగా ముదిరి ఉంటుంది, అప్పటికే ముగ్గురు డాక్టర్లు జల్లెడ పట్టి ఉంటారు, చేతిలో రిపోర్టుల ఫైలు ఉంటుంది. ప్రాథమిక వైద్యంలో ఇవేవీ ఉండవు. "నీరసంగా ఉంది డాక్టర్" అని ఒకరు వస్తారు. అది నిద్రలేమి కావచ్చు, రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, ఇంట్లో గొడవలు కావచ్చు, ఎప్పుడో ఒకసారి క్యాన్సర్ కూడా కావచ్చు. చాలాసార్లు దేనికీ పేరు పెట్టకుండానే తగ్గిపోతుంది.

ఈ తేడా టెస్టుల అర్థాన్ని కూడా మార్చేస్తుంది. ఒక టెస్టు ఉందనుకుందాం. జబ్బు ఉన్న వందమందిలో 90 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని వందమందిలో 90 మందికి లేదనే చెబుతుంది. సగం మందికి ఆ జబ్బు ఉన్న ఆస్పత్రి వార్డులో ఈ టెస్టు పాజిటివ్ వస్తే, నిజంగా జబ్బు ఉండే అవకాశం 90 శాతం. అదే టెస్టుని వందలో ఒకరికి మాత్రమే జబ్బు ఉండే చోట చేయండి. వెయ్యి మందిలో జబ్బున్న పదిమందికి 9 పాజిటివ్‌లు వస్తాయి, లేని 990 మందిలో 99 వస్తాయి. అంటే 108 పాజిటివ్‌లలో నిజమైనవి 9. ఎనిమిది శాతం చిల్లర. టెస్టు మారలేదు, రోగుల గుంపు మారింది. అందుకే ఆస్పత్రిలో "అన్ని టెస్టులూ రాశాడు, ఏదీ వదల్లేదు" అని మెచ్చుకునే విద్యార్థి ప్రాథమిక వైద్యానికి వచ్చాక అదే పని చేస్తే రోగికి నష్టం చేస్తున్నట్టు. తప్పుడు పాజిటివ్ పట్టుకుని ఇంకో టెస్టు, దాని వెనక ఇంకొకటి, మధ్యలో మనిషికి టెన్షన్.

మరి టెస్టులు రాయని విద్యార్థి మంచివాడా? ఇక్కడే మదింపు చేసేవాళ్లకి తల తిరుగుతుంది.

పది రోజులుగా తలనొప్పి అని ఒక మనిషి వచ్చాడు. ఇద్దరు ఇంటర్న్‌లు, వేర్వేరు రోజుల్లో, ఇలాంటి ఇద్దరు రోగుల్ని చూశారు. ఇద్దరూ నొప్పి మాత్ర రాశారు, స్కాన్ రాయలేదు, వారం తర్వాత రమ్మన్నారు. కేస్ షీట్లు పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. మొదటి ఇంటర్న్ నొప్పి ఒక్కసారిగా పిడుగులా వచ్చిందా అని అడిగింది. జ్వరం, మెడ బిగుసుకోవడం, చూపు మసకబారడం, కాలూచేయీ బలహీనత, గతంలో క్యాన్సర్, ఇవేమైనా ఉన్నాయా అని ఆరా తీసింది. బీపీ చూసింది, కళ్ల లోపలికి చూసింది. ఏ లక్షణం కనిపిస్తే వారం ఆగకుండా వెంటనే రావాలో చెప్పి, రోగి చేత మళ్లీ చెప్పించుకుంది. రెండో ఇంటర్న్ "తలనొప్పా, సరే" అని మాత్ర రాశాడు. ఆమె ఆగి చూద్దామని నిర్ణయించుకుంది, అతను అసలు నిర్ణయమే తీసుకోలేదు. ప్రాథమిక వైద్యంలో కాలం కూడా ఒక టెస్టే. దాన్ని తెలివిగా వాడటమూ, ఏమీ చేయకుండా వదిలేయడమూ కాగితం మీద ఒకేలా ఉంటాయి. ఆ తేడా తెలియాలంటే గదిలో ఉండాలి, లేదా బయటికి వచ్చాక "స్కాన్ ఎందుకు వద్దనుకున్నావ్?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న చాలా ఫారాలకన్నా ఎక్కువ చెబుతుంది.

ఎవరూ చూడని పని

1990లో జార్జ్ మిల్లర్ అనే వైద్యవిద్యా నిపుణుడు ఒక పిరమిడ్ గీశాడు. అడుగున "తెలుసు", దానిపైన "ఎలా చేయాలో తెలుసు", ఆపైన "చేసి చూపించగలడు", కొసన "చేస్తాడు". రాత పరీక్షలు కింది రెండు మెట్లని కొలుస్తాయి. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం మొదలుపెట్టిన ఓస్కీ పరీక్ష మూడో మెట్టుది. గంట కొడితే ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి పరుగు, అక్కడ శిక్షణ పొందిన నకిలీ రోగి, మార్కుల చిట్టా పట్టుకున్న ఎగ్జామినర్.

నాలుగో మెట్టుని, అంటే ఎవరూ మార్కులు వేయని రోజున, ముప్పయ్యో రోగి దగ్గర, ఆకలి మీద ఉన్నప్పుడు ఏం చేస్తాడన్నదాన్ని, వైద్యవిద్యలో కొలవగలిగే చోటు ఇంటర్న్‌షిప్ ఒక్కటే. మూడో మెట్టు బాగుంటే నాలుగోది కూడా బాగుంటుందిలే అనుకోవడానికి లేదు. నెదర్లాండ్స్‌లో రెథాన్స్ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనం దీన్ని ఘాటుగానే చూపించింది. ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి ఎవరో తెలియనివ్వకుండా శిక్షణ పొందిన రోగుల్ని పంపారు, అవే కేసులు పరీక్ష గదిలోనూ ఇచ్చారు. పరీక్షలో చూపించింది వేరు, క్లినిక్‌లో చేసింది వేరు. క్లినిక్‌లో తక్కువ చేశారంటే చేతకాకేనని అనుకోవద్దని, రెండిటినీ వేర్వేరుగా చూడాలని వాళ్లు తేల్చారు.

అయితే ఇంటర్న్‌షిప్‌లో కూడా ఆ నాలుగో మెట్టుని నిజంగా చూస్తున్నది ఎవరు? మామూలుగా జరిగేది ఇది. ఇంటర్న్ పక్క గదిలో రోగితో మాట్లాడి, వచ్చి సీనియర్‌కి కేస్ చెబుతాడు. సీనియర్ రెండు ప్రశ్నలు వేస్తారు, రోగిని ఒక్కసారి చూస్తారు, మందులు ఖరారు చేస్తారు. సీనియర్ విన్నది ఇంటర్న్ చెప్పిన కథని. మార్కు పడేదీ ఆ కథకే. గడగడా, వరస తప్పకుండా కేస్ చెప్పేవాళ్లకి తొమ్మిది. లోపల రోగి దగ్గర చక్కగా కూర్చుని విని, బయటికొచ్చి నత్తినత్తిగా చెప్పేవాళ్లకి ఆరు.

ఇది చిన్న పొరపాటు కాదు. 1975లో హ్యాంప్టన్ బృందం బ్రిటన్‌లో ఓపీకి వచ్చిన 80 మంది కొత్త రోగుల్ని తీసుకుని చూస్తే, 66 మందిలో రిఫరల్ ఉత్తరం చదివి, హిస్టరీ (రోగి నోటి నుంచి జబ్బు వివరాలు) తీసుకున్నాక అనుకున్న రోగనిర్ధారణే చివరికి నిలబడింది. వైద్యంలో బరువైన పని అక్కడే జరుగుతోందన్నమాట. ఆ పని ఎలా జరుగుతుందో 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ డాక్టర్లు రోగులతో మాట్లాడిన రికార్డింగులు విని చూశారు. రోగి తన బాధ మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డు తగులుతున్నాడు. అలా అడ్డుపడిన సంగతి ఏ కేస్ ప్రజెంటేషన్‌లోనూ బయటికి రాదు. "రోగి ఇంకేం చెప్పలేదు సార్" అనే వస్తుంది. చెప్పనివ్వలేదని ఇంటర్న్‌కే తెలిసి ఉండదు.

లాగ్‌బుక్ గురించి ఒక మాట చాలు. ఎన్ని కేసులు చూశారో అది చెబుతుంది, ఎలా చూశారో చెప్పదు. సంతకాలు పోస్టింగ్ చివరి సాయంత్రం ఒకే పెన్నుతో పడతాయని అందరికీ తెలుసు.

గదిలో కూర్చుంటే

చూడకుండా మార్కు వేస్తున్నారన్నది జబ్బయితే, చూడటమే మందు. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ శిక్షణలో ఒకప్పుడు ఒకే రోగి మీద దాదాపు రెండు గంటలు సాగే పరీక్ష ఉండేది. దాని బదులు జాన్ నార్సిని బృందం 1995లో మినీ సీఈఎక్స్ అనే చిన్న పద్ధతిని ప్రతిపాదించింది. మామూలు ఓపీలో, నిజమైన రోగితో, పదిహేను ఇరవై నిమిషాలు పరిశీలన, ఆ వెంటనే కొద్ది నిమిషాలు మాట్లాడుకోవడం. ఏడాదిలో ఇలాంటివి పలుమార్లు, వేర్వేరు రోగుల మీద, వేర్వేరు పరిశీలకులతో.

ఆ "పలుమార్లు" అన్నదే దీనికి ప్రాణం. 1978లో ఎల్స్‌టైన్, షుల్‌మన్, స్ప్రాఫ్కా డాక్టర్ల ఆలోచనా విధానాన్ని పరిశీలించి తేల్చిన విషయం అప్పట్లో చాలామందికి మింగుడు పడలేదు. ఒక కేసు బాగా చేసిన డాక్టరు ఇంకో కేసు కూడా బాగా చేస్తాడని చెప్పలేం. రోగనిర్ధారణ సామర్థ్యం అని మనిషిలో ఒక ముద్ద ఉండదు, అది ఆ కేసుకి సంబంధించిన జ్ఞానంతో ముడిపడి ఉంటుంది. షుగర్ రోగితో అద్భుతంగా మాట్లాడిన అమ్మాయి జ్వరంతో ఉన్న పసిబిడ్డ దగ్గర తడబడవచ్చు. అందుకని ఒక్కసారి చూసి వేసిన మార్కు, ఎంత శ్రద్ధగా వేసినా, సగం లాటరీయే. రెండు గంటల ఒక పరీక్షకన్నా పావుగంట చొప్పున ఎనిమిది పరీక్షలు ఎక్కువ నమ్మదగినవి, మొత్తం సమయం అంతే అయినా.

ఇక చూసేవాళ్ల సంగతి. 1920లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకి ఇచ్చిన రేటింగులు తీసి చూశాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడి, వీటికి వేసిన మార్కులు అనుమానం వచ్చేంతగా కలిసి నడుస్తున్నాయి. ఒక మనిషి మనకి నచ్చితే అతని ప్రతి గుణమూ బాగానే కనిపిస్తుంది. ఫారంలో ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది ఎందుకు పడతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. అవి నాలుగు మార్కులు కావు, ఒకే అభిప్రాయం నాలుగుసార్లు.

పైగా ఒకే వీడియో చూసిన ఇద్దరు సీనియర్లు వేర్వేరు మార్కులు వేస్తారు. 2011లో జెనిఫర్ కోగన్ బృందం అలా ఎందుకు జరుగుతోందని సీనియర్లనే అడిగి చూసింది. చాలామంది ఫారంలోని ప్రమాణంతో కాక తమతో పోల్చుకుంటున్నారు. "నేనైతే ఇలా అడిగేవాణ్ని." సీనియర్‌కి చేతకాని పని ఇంటర్న్‌లోనూ లోపంగా కనిపించదు. మూడు దశాబ్దాలుగా రోగుల మాటకి అడ్డుపడుతున్న డాక్టర్‌కి, ఇంటర్న్ అడ్డుపడినప్పుడు అందులో తప్పేముందో తోచదు.

ఫెయిల్ చేయలేకపోవడం

ప్రాథమిక వైద్యంలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఆస్పత్రిలో యూనిట్‌కి నలుగురైదుగురు సీనియర్లు ఉంటారు. చిన్న క్లినిక్‌లో ఒక సీనియర్, ఒక ఇంటర్న్. వారాల తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు, మధ్యాహ్నం కలిసే తింటారు, ఇంటి కష్టసుఖాలు చెప్పుకుంటారు. చివరి రోజున ఆ సీనియరే జడ్జి కావాలి. మనసున్న మనిషికి అది కష్టం.

2005లో కెనడాలో నాన్సీ డ్యూడెక్ బృందం సీనియర్లతో మాట్లాడి, సరిగ్గా చేయని విద్యార్థుల్ని ఎందుకు ఫెయిల్ చేయడం లేదో రాబట్టింది. జాలి కన్నా పెద్ద కారణాలు బయటపడ్డాయి. రోజువారీగా రాసిపెట్టుకున్న ఆధారం ఏమీ లేదు. ఏం రాసిపెట్టుకోవాలో కూడా తెలియదు. విద్యార్థి అప్పీలుకి వెళ్తే ఎక్కడ ఇరుక్కుంటామోనన్న భయం. ఫెయిల్ చేశాక ఆ విద్యార్థిని బాగుచేసే ఏర్పాటు లేదు. అంటే సీనియర్‌కి లోపం కనిపించక కాదు. కనిపించింది, చెప్పే దారి లేదు. "నాకెందుకులే, తర్వాతి పోస్టింగ్‌లో వాళ్లు చూసుకుంటారు" అని ఎనిమిది వేస్తారు. తర్వాతి వాళ్లూ అదే అనుకుంటారు. ఇలా అందరికీ తెలిసిన లోపం ఏ కాగితం మీదా లేకుండా ఒక మనిషి డాక్టర్ అయిపోతాడు.

అడిగే ప్రశ్న మార్చి చూస్తే

మార్కుకి బదులు టిక్కుల చిట్టా పెడితే నిష్పాక్షికంగా ఉంటుందని ఒక వాదన. చేతులు కడుక్కున్నారా, పేరు చెప్పారా, అలర్జీలు అడిగారా, అవును, కాదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ఇది పనికొస్తుంది. కానీ 1999లో టొరంటోలో బ్రయాన్ హాడ్జెస్ బృందం చేసిన అధ్యయనంలో ఒక తమాషా జరిగింది. అనుభవం ఉన్న ఫ్యామిలీ డాక్టర్లు చెక్‌లిస్టు మీద విద్యార్థులకన్నా తక్కువ స్కోరు తెచ్చుకున్నారు. మొత్తంగా చూసి వేసిన రేటింగులో మాత్రం వాళ్లే పైన ఉన్నారు. అనుభవజ్ఞులు ముప్పై ప్రశ్నలు అడగరు, ఆరు సరైన ప్రశ్నలు అడుగుతారు. చిట్టా ఆ ఇరవై నాలుగింటికీ మార్కులు కోసేస్తుంది. చిట్టాతోనే పెరిగిన విద్యార్థి ఎక్కువ అడగడమే మంచి వైద్యం అనుకుంటాడు.

నాకు ఇంతకన్నా బాగా నచ్చిన దారి ఇంకొకటి ఉంది. 2005లో నెదర్లాండ్స్‌కి చెందిన ఓలే టెన్ కేట్ ప్రశ్ననే మార్చేశాడు. ఈ ఇంటర్న్ ఎంత మంచివాడు అని అడక్కండి, ఈ పనిని ఇతనికి ఎంతవరకు అప్పజెప్పగలరు అని అడగండి. పనికి ఒక పేరు పెట్టాలి: కొత్తగా బీపీ ఎక్కువగా ఉన్న రోగిని చూసి మొదలుపెట్టడం, జ్వరం వచ్చిన పిల్లని చూసి ఇంటికా ఆస్పత్రికా అని తేల్చడం, రిఫరల్ ఉత్తరం రాయడం. ఒక్కో పనికీ అయిదు మెట్లు. పక్కన నిలబడి చూడనివ్వొచ్చు, నేను గదిలో ఉంటే చేయనివ్వొచ్చు, నేను పక్క గదిలో, పిలిస్తే వచ్చేలా ఉంటే చాలు, ఒంటరిగా వదిలేయొచ్చు, ఇంకొకరికి నేర్పనివ్వొచ్చు. ఈ ఆలోచన ఈపీఏ (ఎంట్రస్టబుల్ ప్రొఫెషనల్ యాక్టివిటీ, అప్పజెప్పదగిన పని) అన్న పేరుతో చాలా దేశాలకు పాకింది. అమెరికా వైద్య కళాశాలల సంఘం 2014లో, రెసిడెన్సీలో (అక్కడి పీజీ శిక్షణలో) అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ చేయగలగాల్సిన 13 పనుల జాబితాని ఇదే పద్ధతిలో విడుదల చేసింది.

దీని బలం ఎక్కడుందంటే, పదికి ఎంత అన్నది ఏ డాక్టరూ తన రోజువారీ పనిలో ఎప్పుడూ అడుక్కోడు. "ఈ కేసుని వీడి మీద వదిలేసి నేను వెళ్లొచ్చా?" అన్నది మాత్రం రోజుకి ఇరవైసార్లు అడుక్కుంటాడు. అలవాటైన ప్రశ్నకి నిజాయితీ గల జవాబు వస్తుంది. ఇంటర్న్‌కి కూడా "నీకు ఏడు" అంటే చివుక్కుమంటుంది కానీ, "పసిపిల్లల కేసులకి ఇంకా నేను గదిలో ఉండాలి" అంటే ఏం నేర్చుకోవాలో తెలుస్తుంది.

నమ్మకం దేని మీద పుడుతుందన్నది ఇంకా ఆసక్తికరం. 2008లో టారా కెనడీ బృందం సీనియర్ల పనిని పరిశీలించి నాలుగు సంగతులు గుర్తించింది. జ్ఞానం, నైపుణ్యం ఒకటి. తన హద్దు తనకి తెలియడం, చూడనిదాన్ని చూడలేదని చెప్పడం, మొదలుపెట్టిన పనిని వదిలేయకుండా చివరిదాకా చూడటం మిగతా మూడు. నాలుగింటిలో మూడు ఏ రాత పరీక్షకీ అందవు. "కాళ్లు చూశావా?" అంటే "లేదు మేడం, మర్చిపోయాను, ఇప్పుడే చూసొస్తాను" అన్న ఇంటర్న్ ఆ క్షణాన ఒక మార్కు పోగొట్టుకున్నట్టు కనిపిస్తుంది. నా దృష్టిలో, ప్రాథమిక వైద్యానికి కావాల్సిన అతి ముఖ్యమైన గుణం చూపించినట్టు. పాత ఫారంలో దానికి గడి లేదు.

లోపాలు దీనికీ ఉన్నాయి. నమ్మకంలో ఇష్టాయిష్టాలు దూరతాయి. తమలాగే మాట్లాడేవాళ్లని, తమ భాష, తమ వర్గం వాళ్లని మనుషులు త్వరగా నమ్ముతారు. ఒక్కరి నమ్మకాన్నే ఆధారం చేసుకుంటే పాత కథే కొత్త ఫారంలో నడుస్తుంది.

కోచ్, జడ్జి ఒక్కరే అయితే

ఇప్పటిదాకా చెప్పిన చిక్కులన్నిటి వేరూ ఇక్కడ ఉందని నా అభిప్రాయం. మదింపుకి రెండు పనులున్నాయి. ఇంటర్న్ ఎక్కడ మెరుగుపడాలో చెప్పడం ఒకటి. ఇతన్ని రోగుల మధ్యకి వదలొచ్చని సమాజానికి హామీ ఇవ్వడం ఇంకొకటి. మొదటిది జరగాలంటే ఇంటర్న్ తన లోపాల్ని బయటపెట్టాలి. రెండోది తన మెడ మీద కత్తిలా ఉంటే దాచిపెడతాడు. రెండూ ఒకే మనిషి చేతిలో, ఒకే ఫారంలో పెట్టాక, చెవిలో వినపడింది గుండె చప్పుడో రొదో తేల్చుకోలేని ఇంటర్న్ "అంతా నార్మల్ సార్" అనక ఏమంటాడు?

ఇంకొక ఇబ్బంది. అంకె పక్కన రాసిన మాటని అంకె మింగేస్తుంది. రూత్ బట్లర్ 1988లో బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగైంది. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్న వాళ్లకి ఆ లాభం దక్కలేదు. బడిపిల్లలకీ ఇరవై మూడేళ్ల ఇంటర్న్‌కీ తేడా ఉంది, ఒప్పుకుంటా. కానీ ఫారం చేతికి రాగానే కళ్లు ముందు ఎక్కడికి పోతాయో ఇంటర్న్‌లనే అడగండి.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో వాన్ డెర్ వ్లూటెన్, షూవిర్త్ 2005 నుంచి చెబుతూ వచ్చిన పరిష్కారం ఈ ముడి విప్పడానికే. ఏ ఒక్క పరిశీలనా పాస్, ఫెయిల్ తేల్చదు. ప్రతి పరిశీలనా ఒక సమాచారపు ముక్క, దాని పని ఇంటర్న్‌కి సాయపడటం. అలాంటివి వేర్వేరు మనుషుల నుంచి, వేర్వేరు కేసుల మీద తగినన్ని పోగయ్యాక, ఆ ఫైలుని ఒక కమిటీ చదివి నిర్ణయం తీసుకుంటుంది. పక్కన కూర్చుని నేర్పిన సీనియర్ ఆ కమిటీలో ఓటు వేయడు. అప్పీలు భయమూ తగ్గుతుంది, ఎందుకంటే "నన్ను పగబట్టాడు" అనడానికి ఎదురుగా ఒక్క మనిషి లేడు.

ఇంత చక్కగా ఉంటే అందరూ ఎందుకు చేయడం లేదు? 1996లో వాన్ డెర్ వ్లూటెనే ఒక సూత్రం రాశాడు. పరీక్ష ఉపయోగం అంటే దాని విశ్వసనీయత, అది కొలవాల్సినదాన్నే కొలవడం, చదువు మీద దాని ప్రభావం, జనం దాన్ని ఒప్పుకోవడం, ఖర్చు భరించగలిగేలా ఉండటం, వీటి గుణకారం. కూడిక కాదు. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా. సీనియర్‌కి ఒప్పుదల లేకపోతే ఎంత గొప్ప పద్ధతైనా టిక్కులాట అయిపోతుంది. బ్రిటన్‌లో జూనియర్ డాక్టర్లకి పెట్టిన పనిచోటి మదింపులు సరిగ్గా ఆ దారే పట్టాయి. సంఖ్య పూర్తి చేయడానికి తెలిసిన సీనియర్‌ని వెతుక్కుని చివరి వారంలో ఫారాలు నింపించుకోవడం మామూలైంది. 2012లో అక్కడ కొత్త డాక్టర్లకి ఇచ్చే ఫౌండేషన్ శిక్షణలో వాటిని పర్యవేక్షణలో నేర్చుకునే సందర్భాలుగా మార్చి, మార్కు కన్నా ఫీడ్‌బ్యాక్‌కి పెద్దపీట వేశారు.

రోగులు, సిబ్బంది, తాను

రోగుల్ని అడగాలా? అడగాలి, కానీ రోగులు మంచివాళ్లు, అందరికీ మంచి మార్కులే వేస్తారు. "డాక్టర్ ఎలా చూశారు?" కన్నా "మీకు ఏమైందని చెప్పారు? మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అని అడిగితే ఎక్కువ తెలుస్తుంది. జవాబు ఇంటర్న్ రాసిన కేస్ షీట్‌తో కలవకపోతే విషయం అక్కడ ఉంది. నర్సులు, రిసెప్షన్‌లో ఉండేవాళ్లు సీనియర్ కంటికి కనపడని ఇంటర్న్‌ని చూస్తారు. డాక్టర్ గదిలో వినయంగా ఉండి బయట విసుక్కునేవాళ్ల చిట్టా వాళ్ల దగ్గర ఉంటుంది.

స్వీయ మదింపు మీద అందరికీ మోజు ఎక్కువ. 2006లో డేవిస్ బృందం డాక్టర్ల స్వీయ అంచనాల్ని బయటి అంచనాలతో పోల్చిన అధ్యయనాలన్నీ సమీక్షించింది. 20 పోలికల్లో 13 చోట్ల సంబంధం కొంచెమే ఉంది, లేదా లేదు, లేదా తిరగబడి ఉంది. కాబట్టి నీకు నువ్వు ఎన్ని మార్కులు వేసుకుంటావు అని అడగడం దండగ. ఇవాళ చూసిన ఏ రోగి గురించి నీకు ఇంకా అనుమానం ఉంది అని అడగండి.

ఆ ప్రశ్న ఇంకో దారి కూడా తెరుస్తుంది. ప్రాథమిక వైద్యంలో సగం విద్య రోగి రెండోసారి వచ్చినప్పుడు తెలుస్తుంది. కొద్ది వారాల పోస్టింగ్‌లో ఇంటర్న్ చాలామంది రోగుల్ని ఒక్కసారే చూస్తాడు, తన నిర్ణయం ఏమైందో తెలియకుండానే వెళ్లిపోతాడు. మొదటి వారంలోనే అయిదారుగురు రోగుల్ని ఎంచుకుని, వాళ్లు మళ్లీ వచ్చేటప్పుడు అదే ఇంటర్న్ చూసేలా, రాకపోతే తనే ఫోన్ చేసి కనుక్కునేలా ఏర్పాటు చేస్తే, ఖర్చు దాదాపు ఏమీ లేదు. మొదట ఏమనుకున్నాడు, ఏం జరిగింది, ఇప్పుడేమంటాడు అన్న మూడు వాక్యాలు పది మార్కుల గడికన్నా చాలా ఎక్కువ చెబుతాయి.

ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి

"కష్టపడే మనస్తత్వం, ఇంకా చదవాలి." ఈ వాక్యం ప్రపంచంలో ఏ ఇంటర్న్‌కైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ పనికిరాదు. దీని బదులు ఇలా రాయొచ్చు: "దగ్గుతో వచ్చిన రోగిని అడ్డుపడకుండా విన్నది. పొగతాగే అలవాటు అడిగింది, బరువు తగ్గడం గురించి అడగలేదు. ఎక్స్‌రే ఎందుకు వద్దో కారణం చెప్పగలిగింది. ఎప్పుడు తిరిగి రావాలో రోగికి చెప్పలేదు." రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇందులో పొగడ్త లేదు, తిట్టు లేదు, కంటికి కనపడింది ఉంది. వాదించడానికి వీల్లేని ఆధారం ఇదే, డ్యూడెక్ అడిగిన సీనియర్ల దగ్గర లేనిదీ ఇదే.

సమయం కూడా ముఖ్యమే. చివరి రోజున చెప్పిన లోపం తీర్పు, రెండో వారంలో చెప్పిన లోపం పాఠం. పోస్టింగ్ సగంలో ఒకసారి కూర్చుని మాట్లాడటం తప్పనిసరి చేసి, చివరి ఫారంలో మొదటిసారి కనిపించే ప్రతికూల వ్యాఖ్యని లెక్కలోకి తీసుకోకూడదని నియమం పెడితే, సీనియర్లు ముందే నోరు విప్పుతారు. కఠినంగా అనిపించినా నేను దీన్ని సమర్థిస్తాను.

ఇంటర్న్‌లు కూడా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. "సార్, ఎలా చేశాను?" అంటే "బాగానే చేశావ్" అనే వస్తుంది. "ఈ రోగితో మాట్లాడేటప్పుడు ఎక్కడ తొందరపడ్డానో గమనించి చెప్పండి" అని ముందే అడిగితే, సీనియర్ కళ్లు ఆ ఒక్కదాని మీద ఉంటాయి.

కమిటీ ముందుకి ఫైలు వచ్చినప్పుడు చూడాల్సింది సగటుని కాదు. పన్నెండు పరిశీలనల్లో తొమ్మిది బాగుండి, మిగతా మూడింటిలో ముగ్గురు వేర్వేరు సీనియర్లు, ఒకరి రాత ఒకరు చూడకుండా, "ఎప్పుడు తిరిగి రావాలో రోగికి చెప్పలేదు" అని రాశారనుకోండి. సగటు ఎనిమిది దాటుతుంది, పాత ఫారం లెక్కన డిస్టింక్షన్. ఈ ఫైలు చదివిన కమిటీ మాత్రం అతన్ని ఫెయిల్ చేయదు, సంతకం పెట్టి వదిలేయదు కూడా. ఇంకో రెండు వారాలు ఓపీలో ఉంచి, రోగిని ఇంటికి పంపే చివరి రెండు నిమిషాలు మాత్రమే చూసి రాయమని సీనియర్‌కి చెబుతుంది.